రక్షణ పొందాక కూడా పాపం చేస్తారా? మరి మాల తీశాక మనం?

ఈ వారం వీడియోలో అజామిళుడి కథ చెప్పుకున్నాం కదా. టైం సరిపోక అందులో వదిలేసిన విషయం ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

మా ఆఫీసులో ఒక క్రిస్టియన్ ఫ్రెండ్ ఉన్నాడు. బాప్తిస్మం తీసుకుని నాలుగేళ్లయింది. ఒకరోజు టీ దగ్గర, "రక్షణ పొందాననుకున్నాను రా. నిన్న డబ్బుల విషయంలో అమ్మకి మళ్ళీ అబద్ధం చెప్పాను. అసలు నాకు రక్షణ వచ్చిందా అని డౌటొస్తోంది" అన్నాడు. పక్కనున్నవాడు, "మీకేంట్రా, ఆదివారం సారీ చెప్తే క్లియర్!" అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఎందుకంటే వాళ్ళ పెద్దలు దీన్ని అంత తేలిగ్గా తీసుకోలేదు. కృప ఉంది కదా అని పాపం చేస్తూ పోదామా అని పౌలు రోమీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో తనే అడిగి, కుదరదని తనే తేల్చేశాడు. యోహాను మొదటి పత్రికలో రెండు మాటలూ కనిపిస్తాయి. మనలో పాపం లేదనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టని ఒకచోట, దేవుని వల్ల పుట్టినవాడు పాపం చేయడని ఇంకోచోట. పాతకాలంలో, బాప్తిస్మం అయ్యాక పాపం చేస్తే ఎలా అన్న భయంతో చాలామంది దాన్నే వాయిదా వేసుకునేవాళ్ళు. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ 337లో మరణశయ్య మీద తీసుకున్నాడు! తర్వాత 16వ శతాబ్దంలో లూథర్, విశ్వాసి ఒకే సమయంలో నీతిమంతుడూ పాపీ కూడా అన్నాడు. 18వ శతాబ్దంలో జాన్ వెస్లీ ఒప్పుకోలేదు, తెలిసి చేసే పాపం నుంచి ఈ జన్మలోనే బయటపడొచ్చన్నాడు. వాళ్ళలో వాళ్ళకే ఇంకా తెగలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. భాగవతం ఆరో స్కంధంలో, అజామిళుడి కథకి ముందు, పరీక్షిత్తు శుకమహర్షిని అడిగింది దాదాపు ఇదే. ప్రాయశ్చిత్తం చేసుకుని మళ్ళీ అదే తప్పు చేస్తే అది ఏనుగు స్నానం కాదా అని. శుభ్రంగా నీళ్ళలో మునిగి, గట్టెక్కగానే ఒంటి మీద దుమ్ము పోసుకుంటుంది కదా ఏనుగు! శుకుడు ఆ ప్రశ్నని కొట్టిపారేయలేదు. ప్రాయశ్చిత్త కర్మలతో పాపం పూర్తిగా పోదు, అందుకు భక్తి కావాలన్నాడు.

చాలామంది అజామిళుడి కథని "చివర్లో ఒక్కసారి నారాయణా అంటే చాలు" అన్నట్టు చెప్తారు. కానీ విష్ణుదూతలు విడిపించాక అతను వెంటనే వైకుంఠానికి వెళ్ళలేదండీ. బతికాడు, సిగ్గుపడ్డాడు, ఇల్లు వదిలి గంగాద్వారం వెళ్ళి సాధన చేశాడు. ఆ తర్వాతే వైకుంఠం.

గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు, ఎంత చెడ్డ నడతవాడైనా తననే నమ్మి భజిస్తే సాధువుగానే చూడాలంటాడు, వాడు త్వరలోనే ధర్మాత్ముడవుతాడనీ చెప్తాడు. అంటే ఇంకా పూర్తిగా అవ్వలేదనేగా? అయితే నామం ఉంది కదా అన్న ధైర్యంతో పాపం చేయడాన్ని మాత్రం మన పెద్దలు పది నామాపరాధాల్లో ఒకటిగా లెక్కపెట్టారు. కాలు జారడం వేరు, ఎలాగూ ఎవరో లేపుతారని దూకడం వేరు. పౌలు కుదరదన్నదీ ఆ రెండోదే అని నాకనిపిస్తుంది.

ఇదంతా చదివి చెప్తున్నానని అనుకోకండి. పోయినసారి అయ్యప్ప మాల వేసుకున్నాను. నలభై ఒక్క రోజులు చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, ఇంట్లో అమ్మని కూడా "మాత" అని పిలవడం. మాల తీసిన మర్నాడు ఛార్జర్ కనిపించలేదని అదే అమ్మ మీద అరిచాను. ఆవిడ ఏమీ అనలేదు, వెతికి తెచ్చి టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది. దీక్ష అబద్ధమా? కాదు. కానీ దీక్షతో పని అయిపోయిందని నేననుకున్నది అబద్ధం.

మొన్న మా ఫ్రెండ్‌కి ఆ రోజు నవ్వినందుకు సారీ చెప్పి, ఛార్జర్ సంగతి కూడా చెప్పాను. "మీ అమ్మకి నిజం చెప్పావా?" అని అడిగాను.

"ఇంకా లేదు" అన్నాడు. "నువ్వు మీ అమ్మకి సారీ చెప్పావా?"