నీడ దక్షిణానికి పడే రోజు

ఈరోజు జూన్ 21. ఏడాదిలోకెల్లా పగలు పొడవైన రోజు. హైదరాబాదులో 13 గంటలకు పైనే పొద్దుంటుంది. ఈ రోజును పండగ చేసుకోవడానికి పిండివంటలేమీ అక్కర్లేదు. మబ్బు పట్టకపోతే, మధ్యాహ్నం పన్నెండుంబావు దాటాక పిల్లల్ని డాబా మీదికి పిలవండి. మీటరు కర్ర నిలువుగా నిలబెట్టండి. నీడ జానెడైనా ఉండదు, దాదాపు 10 సెంటీమీటర్లే. అదీ దక్షిణానికి! సంక్రాంతి నాడు ఉత్తరానికి సాగిన నీడే ఇది. సూర్యుడు మన నడినెత్తి దాటి కర్కటరేఖ మీదికి చేరాడు మరి. ఆ నీడ చూసినప్పుడు పిల్లల కళ్లు చూడాలి, నాకు అంతకు మించిన పండగ లేదు.

సాయంత్రం చేలగట్ల వెంట నడవండి. ఆరుద్ర కార్తె వచ్చే వేళ. వాన పడి ఉంటే తడిమట్టిలో ఎర్రటి మఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు కనిపిస్తాయి. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంటే కాళ్లు ముడుచుకుంటుంది. కాసేపాగండి, మెల్లగా నడక మొదలుపెడుతుంది. మళ్లీ ఆ మట్టిలోనే వదిలిపెట్టండి.