అయ్య చెప్పని ఊరు

అయ్య పోయాక ఆయన రేకుపెట్టె తెరిస్తే పాత మనియార్డరు రసీదులు దొరికాయి. అన్నీ స్టూవర్టుపురానికే, నాయనమ్మ పేరు మీద. ఆ ఊరి పేరు అయ్య మాకు ఏనాడూ చెప్పలేదు. మనది ఏ ఊరని అడిగితే ‘బాపట్ల అవతల’ అనేవాడు.

తాడేపల్లి నుంచి మేము అక్కడికి వెళ్లాం. అరవై దాటిన ఒకాయన ఎదురొచ్చాడు. అచ్చం అయ్య ముఖమే. అయ్య మొదటి భార్య కొడుకు, మా పెద్దన్న. తల్లి చనిపోతే పిల్లవాణ్ని నాయనమ్మ దగ్గర వదిలి, అయ్య కృష్ణ ఒడ్డుకు రాళ్ల పనికి వచ్చాడు. ఇక్కడ మళ్లీ పెళ్లి చేసుకుని మమ్మల్ని చదివించాడు.

అయ్య చేసింది మోసమా?

జవాబు చెప్పే ముందు ఒక చట్టాన్ని తలుచుకోవాలి. 1871లో ఇంగ్లీషువాళ్లు తెచ్చిన నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. మన ఎరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగలని రాసుకుని సెటిల్‌మెంట్లలో పెట్టారు. సాల్వేషన్ ఆర్మీ చేతికింద స్టూవర్టుపురం అలా పుట్టింది. మా తాడేపల్లి పక్క సీతానగరంలోనూ ఒకటి ఉండేది. హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. ఆరేళ్లు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం పోయింది. ఊరి పేరుకు అంటిన మచ్చ పోలేదు. 1991లో ఆ పేరు పెట్టి సినిమా కూడా తీశారు.

ఆ పేరు చెబితే అద్దెకు ఇల్లు దొరకదు. ఎక్కడ దొంగతనం జరిగినా మన గుమ్మమే ముందు తడతారు. బడిలో పిల్లవాడు దెబ్బకు జడిసి నోరు మూసుకుంటే వాణ్ని అబద్ధాలకోరు అనం. బెత్తం పట్టినవాణ్ని అడుగుతాం. అందుకే అయ్య మోసం చేశాడని మేము అనం.

అయితే మాట అక్కడితో తీరదు. అయ్య మౌనం మాకు గొడుగైంది, అన్నకు దాని కింద చోటు లేకపోయింది. మేము బడికి పోతున్న రోజుల్లో ఆయన మిరప కోతలకు పోయాడు. నాయనమ్మ పోయిన ఏడుతో రసీదులూ ఆగిపోయాయి.

‘‘అయ్య మీద కోపం ఉందా అన్నా?’’ అని అడిగాం.

‘‘దొరల హాజరు పుస్తకంలో మన తాత పేరుంది తమ్ముడా. మీ ఇంట్లో నా పేరు లేదు’’ అన్నాడు.

అయ్యను క్షమించమని ఆయన్ని అడిగే హక్కు మాకు లేదు. మేలు పొందింది మేము, పోగొట్టుకున్నది ఆయన. అయ్య భయంతో దాచాడు. తెలిశాక కూడా మేము దాస్తే అది మా తప్పే అవుతుంది. మా పిల్లలకు పెదనాన్న పేరు చెప్పాం. మీది ఏ ఊరని ఎవరైనా అడిగితే ఇప్పుడు స్టూవర్టుపురం అంటున్నాం.