చుక్కాని ప్రక్కన పండుకొన్నవారు

మన భువనగిరి కోట బండ యెక్కి నలుదిక్కుల చూచినను సముద్రము కానరాదు. ఐనను ఓడను గూర్చి కొంచెము ఆలోచింతము.

పూర్వము ఓడలో అన్నిటికంటె తక్కువ చార్జీగల తావును ఇంగ్లీషువారు స్టీరేజి అనిరి. అది చుక్కానిని బట్టి వచ్చిన పేరు. చుక్కానిని త్రిప్పు త్రాళ్లుండు వెనుకభాగమున, పైతట్టు క్రింద, బీదవారిని ఉంచెడివారు. చుక్కానికి దగ్గరవారు వారే, దానిమీద చెయ్యి వేయు హక్కు లేనివారును వారే. మన రైలులోను జనరలు పెట్టె తరచుగా ఇంజను వెనుకనే యుండును గదా!

1860లో మద్రాసునుండి వెడలిన ట్రూరో అను ఓడ 342 మంది ఒప్పందపు కూలీలతో నవంబరు 16న డర్బను చేరెను. నాటాలు చెరకు తోటలకు వెళ్లిన వారిలో తెలుగువారును, క్రైస్తవులును ఉండిరి. ఓడ ఏ త్రోవను పోవలెనని వారినెవరు అడిగిరి?

మరి చుక్కాని చేతిలో లేనివానికి ఓడను గూర్చి బాధ్యత కలదా? లేదనుట సులువు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చదువుడి. పౌలు ఖైదీ. ఐనను మంచిరేవులయొద్ద ముందుకు పోవుట హానియని హెచ్చరించెను. శతాధిపతి నావికుని మాటయు ఓడ యజమానుని మాటయు నమ్మెను. అతనిని మేము మరీ నిందింపము. డేరాలు కుట్టువానికి ఓడపని ఏమి తెలియుననుట లోకరీతి. కాని తుపానులో పడినది 276 మంది. తుదకు ఓడవారే పడవ దింపి పారిపోజూచిరి! నా మాట ఒకసారి త్రోసివేసితిరిగదా యని పౌలు ఊరకుండలేదు. మరల చెప్పెను. ఈసారి సైనికులు విని పడవ త్రాళ్లు కోసివేసిరి.

మన సంఘములలో మందిరపు రేకులకు ఇంటికి ఎంత చందాయో ముందు కూర్చున్న పెద్దలు నిర్ణయింతురు. తలుపు దగ్గర చాపమీద కూర్చున్న విధవరాలు చెల్లించును. పెద్దలు లెక్క తెలిసినవారే, కాదనము. ఆమెను అడిగిరా? ఆమెయు పౌలువలె లేచి చెప్పవచ్చునుగదా యని కొందరందురు. చెప్పవచ్చును. ఐతే తన ఇంట చావు జరిగిననాడు పెట్టె మోయుటకు పిలువవలసినది ఈ పెద్దలనేయని ఆమె ఎరుగును.