మేము గెలిచాము, మనం గెలిచాం

ఐదో తరగతి పిల్లలకు ‘నాకు నచ్చిన ఆట’ అని పది వాక్యాలు రాయమన్నాం. 2025 ఏప్రిల్ నెల, వేసవి సెలవులకు ఇంకో వారం ఉంది. అందరూ కబడ్డీ, క్రికెట్ అని రాశారు. తండా నుంచి వచ్చే ఒక పిల్ల మాత్రం ఫుట్‌బాల్ గురించి రాసింది. ఆమె చివరి వాక్యాలు ఇవి: ‘ఈస్ట్ బెంగాల్ కప్పు కొట్టింది. సౌమ్య అక్క గోల్ వేసింది. మేము గెలిచాము.’

మా ఎర్ర పెన్ను ‘మేము’ మీద గీత గీసి, పైన ‘మనం’ అని రాసింది. పంతుళ్ల చేయి కదా, మనసు ఆలోచించకముందే దిద్దేస్తుంది. నోటుబుక్కు తిరిగి ఇచ్చినప్పుడు ఆ పిల్ల దిద్దుబాటును కాసేపు చూసి, “సార్, మీరు నాయకపోళ్లు గదా” అంది. అంతే. ఎదురు మాట్లాడలేదు, కోపం చేయలేదు. పోయి తన జాగాలో కూర్చుంది.

ఈ వ్యాసంలో ‘మేము’ అంటే మోర్తాడ్ చుట్టుపక్కల నాయకపోడు వాళ్లం. అందులోనూ ఫోన్ ముందు కూర్చుని ఫుట్‌బాల్ చూసే పిచ్చి పట్టిన నలుగురైదుగురం. పెన్ను మాత్రం మాలో పంతులు పని చేసే ఒకరిది. ఆ పిల్ల అన్న మాట ఆ సాయంత్రం అందరి ముందూ పెట్టుకున్నాం. ఇప్పటికీ తెగలేదు.

మన తెలుగులో ఒక సంగతి ఉంది. ఇంగ్లీషులో ‘వియ్’ అంటే ఒక్కటే, హిందీలో ‘హమ్’ అంటే ఒక్కటే. వినేవాడిని కలుపుకున్నారో, బయట నిలబెట్టారో ఆ మాటలో తెలియదు. తెలుగులో దాపరికం లేదు. ‘మనం’ అంటే నువ్వు కూడా ఉన్నావు. ‘మేము’ అంటే నువ్వు లేవు. కాబట్టి ఆట చూసి లేచి అరిచే తెలుగువాడు నోరు తెరిచిన క్షణంలోనే ఎవరు లోపల, ఎవరు బయట అన్నది తేల్చేస్తాడు. ఐదో తరగతి పిల్ల అది తేల్చి రాసింది. మేం దాన్ని వ్యాకరణ దోషం అనుకున్నాం.

ఇంతకీ ఆ గెలుపు సంగతి చెప్పాలి. గుగులోత్ సౌమ్య మన నిజామాబాద్ జిల్లా లంబాడా బిడ్డ. రెక్క వైపు నుంచి బంతిని తీసుకుని దూసుకొచ్చే ఆట ఆమెది. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా వెళ్లి దినామో జాగ్రెబ్ జట్టుకు ఆడింది. తర్వాత కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌కు వచ్చింది. 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఎనిమిది జట్లు, ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. అంతకుముందు ఏడాది కప్పు కొట్టిన ఒడిశా ఎఫ్‌సీ మీద 1-0తో గెలిచి, ఇంకో మ్యాచ్ మిగిలి ఉండగానే ఈస్ట్ బెంగాల్ ఛాంపియన్ అయింది. ఆ ఒక్క గోల్ సౌమ్యదే. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ మహిళా క్రీడాకారిణి అవార్డు కూడా ఆమెకే వచ్చింది.

ఆ మూడు నెలలు మేం ఎట్లా గడిపామో ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది. జట్టు గెలిచిన రోజు ఎవరు ఏ నులకమంచం మీద కూర్చున్నారో తర్వాతి మ్యాచ్‌కూ అక్కడే కూర్చోవాలి. పసుపు ఉడకబెట్టే రోజులు. పొయ్యి దగ్గర ఉండాల్సిన మనిషి ఫోన్ దగ్గర ఉండి ఇంట్లో తిట్లు తిన్నాడు. ఈస్ట్ బెంగాల్ రంగులు ఎరుపు, పసుపు. “పసుపు మనదే గదా” అని ఒకడు సంబరపడ్డాడు. అంత వరకు మాకు బెంగాల్‌తో ఉన్న సంబంధం అదొక్కటే!

గెలిచే సీజన్‌లో ఉండే గుణం ఇది. ఎవరూ ఏమీ అడగరు. ఓడే జట్టు వెంట ఉన్నవాడిని ‘ఎందుకురా నీకీ బాధ’ అని పదిమంది అడుగుతారు. గెలిచే జట్టు పక్కన చేరినవాడిని ‘ఎప్పుడొచ్చావు’ అని ఒక్కరూ అడగరు. మమ్మల్నీ అడగలేదు. ఆమె జాగ్రెబ్‌లో చలికి వణుకుతూ ఆడిన రోజుల్లో మేం ఎక్కడున్నాం? మాలో ఒక్కడికి కూడా ఆ ఊరి పేరు తెలియదు. అదే జట్టులో మిగతా పదిమంది పేర్లు ఇప్పుడు చెప్పమన్నా తడుముకుంటాం. గోల్ పడ్డాక వచ్చి చేరిన వాళ్లం మేం. అలాంటి వాళ్లకు ‘మనం’ అనే హక్కు ఉంటుందా?

మాలో ఒకరిది గట్టి వాదన. చెమట పెట్టినవాడిదే గెలుపు, చూసినవాడిది కాదు అంటాడు. ఆయన ఖతర్‌లో కట్టడం పనికి పోయి వచ్చిన మనిషి. 2022 డిసెంబర్‌లో లుసైల్ స్టేడియంలో అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనల్ ఆడుతుంటే టీవీలో ఆ పైకప్పు చూసి “అగో, మాది” అన్నాడట. మెస్సీని చూసి కాదు, ఇనుమును చూసి. ఆ స్టేడియం పనిలో ఉన్నవాడికి లోపలికి టికెట్ లేదు గానీ ‘మాది’ అనే మాట ఉంది. మరి ఫోన్ పట్టుకుని కూర్చున్నవాడికి ఏముంది? ఈ వాదనకు జవాబు చెప్పడం తేలిక కాదు.

అయినా ఈస్ట్ బెంగాల్ చరిత్రే దానికి అడ్డం వస్తుంది. 1920లో కోల్‌కతాలో పుట్టిన క్లబ్ అది. పద్మా నదికి అవతల నుంచి వచ్చినవాళ్లను నగరం చిన్నచూపు చూసేది. వాళ్లు తమకంటూ పెట్టుకున్న జట్టు. 1947లో దేశం రెండుగా చీలాక ఇల్లు, పొలం వదిలేసి లక్షలమంది ఇటు వచ్చారు. ఊరు పోయింది, ఊరి పేరు మాత్రం క్లబ్ పేరులో మిగిలింది. శరణార్థుల కాలనీలో రేకుల కింద పడుకున్నవాడు ‘మేం గెలిచాం’ అంటే అది అబద్ధం అని ఎవరనగలరు? వాడు బంతి తన్నలేదు. కానీ వాడు లేకపోతే ఆ క్లబ్ లేదు. మన సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ 1950లలో అక్కడికి పోయి ఆడితే, వాళ్లు ఆయన్ని కూడా తమలో కలిపేసుకున్నారు. ఇప్పుడు ఒక లంబాడా పిల్లను కలుపుకున్నారు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన జాతి బిడ్డ, ఊరు పోగొట్టుకున్నవాళ్ల జట్టుకు గోల్ కొట్టింది. ఇది ఎవరూ అనుకుని చేసింది కాదు, అయినా మాకు బాగుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు తెచ్చింది. అప్పుడూ ‘మనం గెలిచాం’ అన్నాం. మూడేళ్లు తిరిగేసరికి, 2025లో, ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. గెలిచిన జట్టు ఉన్నట్టుండి లేకుండా పోయింది. అప్పుడు అర్థమైంది. అభిమానికి మాట ఉంటుంది, కాగితం ఉండదు. ఇది మాకు కొత్త సంగతి కాదు. తాతల నాటి నుంచి దున్నిన భూమిని ‘మాది’ అన్నవాళ్లమే, పట్టా చూపించమంటే నిలబడిపోయినవాళ్లమే.

ఇప్పుడు అసలు మాటకు రావాలి. ఇంతసేపూ దాని చుట్టే తిరిగాం.

ఆ పిల్ల ‘మీరు నాయకపోళ్లు గదా’ అన్నప్పుడు ఫుట్‌బాల్ గురించి అడగలేదు. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. అప్పటి నుంచి చదువులో, కొలువులో మా వాటా తగ్గిపోయిందని మావాళ్ల బాధ. 2017 చివర్లో ఉమ్మడి ఆదిలాబాద్‌లో గోండులు, కొలాములు, నాయకపోళ్లు పెద్ద ఎత్తున కదిలి, లంబాడాలను జాబితా నుంచి తీసేయాలన్నారు. కొన్ని ఊళ్లలో లంబాడా టీచర్లను బడికి రావద్దన్నారు. ఆ సభలకు మేమూ పోయాం. చప్పట్లూ కొట్టాం. మా బాధ అబద్ధమని ఇప్పటికీ అనం. తండాలో కూడా కూలికి పోయేవాళ్లు, అప్పు చేసి గల్ఫ్ పోయేవాళ్లే ఎక్కువ అన్నదీ అబద్ధం కాదు. ఈ తగువు కోర్టులు, ప్రభుత్వాలు తేల్చాల్సింది. ఈ వ్యాసంలో తేలదు.

మమ్మల్ని పొడిచిన ప్రశ్న దానికంటే చిన్నది. సభలో ‘వాళ్లు’ అన్న నోటితో, కప్పు వచ్చిన సాయంత్రం ‘మనం’ అనవచ్చా? సీటు దగ్గర వేరు, గోల్ దగ్గర ఒకటా?

ఇలా మమ్మల్ని వాడుకున్నవాళ్లను మేం బాగా ఎరుగుదుం. ఆదివాసీ పిల్ల పరుగులో పతకం తెస్తే పేపర్లో ‘మన మట్టిలో మాణిక్యం’. ఫ్లెక్సీలో నాయకుడి మొహం పెద్దగా, పిల్ల మొహం మూలన చిన్నగా. మర్నాడు అదే పిల్ల తండ్రి కుల ధ్రువీకరణ పత్రం కోసం ఆఫీసుకు పోతే ‘మీవాళ్లంతా ఇంతే’. ‘మన’ నుంచి ‘మీ’కి ఒక్క రాత్రి పట్టదు. అది మాకు జరిగినప్పుడు కడుపు మండింది. ఆ పిల్ల నోటుబుక్కులో ఎర్ర పెన్నుతో మేం చేసింది అదే. ఫ్లెక్సీ సైజు చిన్నది, అంతే తేడా.

మరి ‘మనం’ అనకూడదా? నోరు మూసుకుని చప్పట్లు కొట్టాలా? అదీ సరిగా లేదు. 2025 జూలై 5న చియాంగ్ మాయిలో మన ఆడపిల్లలు థాయిలాండ్‌ను 2-1తో ఓడించి ఆసియా కప్‌కు వెళ్లారు. క్వాలిఫయర్స్ ఆడి గెలిచి వెళ్లడం అదే మొదటిసారి. రెండు గోల్స్ బెంగాల్ పిల్ల సంగీత బస్‌ఫోర్ కొట్టింది. ఆ రోజు లేచి ఎగిరినప్పుడు ఆమె ఏ కులం, ఏ జాబితా అని మేం ఎవరమూ లెక్క పెట్టలేదు. ఆ సంతోషం దొంగ సంతోషం కాదు. జాబితాల కంటే ముందు మనుషుల్లో ఉన్నదేదో అందులో ఉంది. దాన్ని చంపుకుంటే మిగిలేది సభలే.

చాలా మాట్లాడుకున్నాక మేం ఒక దగ్గరికి వచ్చాం. అందరం కాదు, ఖతర్ ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ‘మేము’ అని గిరి గీసే హక్కు ఆడినవాళ్లది, వాళ్లతో ఓడినవాళ్లది. ‘మనం’ అని పిలిచే హక్కు కూడా వాళ్లదే. బయట ఉన్నవాడు తనంతట తాను ‘మనం’ అనుకుని లోపలికి రావడం, పిలవని పెళ్లికి పోయి ముందు వరసలో కూర్చోవడం లాంటిది. అయితే పెళ్లివారి ఇంట్లో నీళ్లు మోసినవాడిని ఎవరూ బయటికి పొమ్మనరు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో మాలాగే బడిపంతులు. పిల్లల వెంట మైదానంలో తిరిగి, చివరికి 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టుకు కోచ్ అయ్యాడు. ఆయన ‘మనం’ అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. మాకు జకార్తా లేదు. బడి వెనక కొంత జాగా ఉంది. అందులో సగం మక్కలు ఆరబోస్తారు.

మర్నాడు ఆ పిల్లను పిలిచి, నువ్వు రాసిందే కరెక్టు అన్నాం. కొట్టేసిన ‘మేము’ పక్కన టిక్కు పెట్టాం. ఎర్ర సిరా చెరిగిపోదు కాబట్టి దిద్దుబాటు, టిక్కు రెండూ అక్కడే ఉన్నాయి. “మరి మీరేమంటరు సార్?” అంది. సౌమ్య గెలిచింది అంటాం అన్నాం. అది ఆమెకు అంత నచ్చినట్టు లేదు.

జూన్‌లో బడి తెరిచాక ఒక బంతి కొన్నాం. ఆ పిల్ల మోర్తాడ్ పెద్దబడిలో ఆరో తరగతికి పోయింది గానీ, సాయంత్రం మా బడి దగ్గరికే వస్తుంది. గోల్ స్తంభాలకు రెండేసి రాళ్లు. పదకొండుమంది దొరకరు, ఐదుగురు ఐదుగురు. మొన్న పంటలు వేసుకుంటే మా గూడెం పిల్ల ఒకతి ఆమె జట్టులో పడింది. ఆట మధ్యలో బంతి గీత దాటి ముళ్లకంపలోకి పోయింది. ఇద్దరూ చేతులెత్తి ఒకేసారి “మనది, మనది!” అని అరిచారు. చివరగా అది తగిలింది తండా పిల్ల కాలికే, మేం చూశాం. త్రో అవతలి జట్టుకు ఇచ్చాం. ఇద్దరూ కలిసి మా మీదికి పోట్లాటకు వచ్చారు.