మాండవ్యుని ప్రశ్న

నిరపరాధి దండితుడైనప్పుడు పూర్వజన్మకర్మ యని సరిపెట్టుకొనుట మనకు పరిపాటి. విజయవాడ చెంత ఇబ్రహీంపట్నమున 2007 డిసెంబరులో జరిగిన విద్యార్థినీహత్యకై 2008లో పట్టువడి, 2010లో శిక్షపడి, 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషియని తేల్చువరకు చెరలో మ్రగ్గిన యువకునికి లక్ష రూపాయల పరిహారమీయుడని ఆదేశము వెలువడెను; గతించిన యౌవనము మాత్రము తిరిగి రాలేదు. కర్మమను మాట బాధితుడు గుండెదిటవుకై తలచుకొనదగినదే గాని, దండించినవారు చెప్పదగినది కాదు.

1953లో దొంగయని పొరపాటున పట్టువడిన న్యూయార్కు సంగీతకారుని యథార్థగాథను హిచ్‌కాక్ 1956లో ‘ది రాంగ్ మ్యాన్’గా చిత్రించుచు, క్రీస్తు పటమునెదుట అతడు ప్రార్థించుచుండగా అతని ముఖముపై అసలు దొంగ ముఖము క్రమముగా తేలివచ్చునట్లు చూపెను. ప్రార్థన ఫలించినది, కాని ఆ వేదనలో మతి చలించిన భార్యకు ఆ శుభవార్తయు ఊరట గూర్పలేదు. ఆలకించు దైవము అంత ఆలస్యముగా నేల ఆలకించెను?

నిరపరాధికీ దండన యేలయను ప్రశ్నను మన భారతమున మాండవ్యుడు సాక్షాత్తు యమునే అడిగెను. దొంగయని శూలమునకెత్తబడిన ఆ మునితో, బాల్యమున పురుగులను పుల్లతో గ్రుచ్చిన ఫలమిది యని యముడు చెప్పగా, ఎరుగని వయసు చేష్టకింత శిక్షయా యని ముని మండిపడి, నరుడవై పుట్టుమని శపించెను. ధర్మదేవతయే విదురుడై జన్మించెను. మెదకు జిల్లా నర్సాపూరులో, చెరువుగట్టున తూనీగ తోకకు దారము కట్టి ఎగురవేయు పసివారిని చూచునపుడెల్ల ఆ ముని పక్షమే న్యాయమని నాకు దృఢముగా తోచును.