కోపానికి కులం లేదు



మన పిట్లంలనే చూడండి. ఒకే తల్లి బిడ్డల్లో ఒకరికి అప్పులోడు వస్తే గుండె దడ, ఇంకొకరు నిమ్మళంగ మాట్లాడుతరు. "పూర్వజన్మ కర్మ" అంటరు కొందరు, "ఆ కులమే అంత" అంటరు ఇంకొందరు. రెండూ అబద్ధాలే.

తల్లిదండ్రుల జన్యువులు ఒక్కో బిడ్డకు ఒక్కో తీరుగ కలుస్తయి. కవలల మీద జరిగిన పరిశోధనల ప్రకారం మనుషుల స్వభావాల్లో తేడాలకు వారసత్వం సుమారు 40 శాతం కారణం. మిగిలింది బతికిన బతుకు. బిడ్డకు వచ్చేది తల్లిదండ్రుల వారసత్వమే గాని గతజన్మ పాపం కాదని బాబాసాహెబ్ 'బుద్ధుడు-ఆయన ధమ్మం'లో వివరించారు.

అందుకే భయపడే బిడ్డను పిరికోడని తిట్టకండి. శ్వాసను గమనించుడు నేర్పండి. నిద్ర పట్టకుంటే డాక్టరుకు చూపించండి. స్వభావం కొంత పుట్టుకతో వస్తది. శీలం మాత్రం సాధనతోనే వస్తది.

నమో బుద్ధాయ!