భక్తి ఉంటే చాలా, సాధన కూడా కావాలా?



"మనసులో భక్తి ఉంటే చాలు, శ్రుతి తప్పినా దేవుడు వింటాడు." ఈ మాట నేను చాలాసార్లు అన్నాను. నిజం చెప్పాలంటే బద్ధకంతోనే అన్నాను. ఆ సంగతి నాకు నంద్యాల ప్రయాణంలో తెలిసొచ్చింది.

నంద్యాలకు దగ్గర్లోని మహానంది కోనేరు మీలో చాలామంది చూసే ఉంటారు. నీళ్లలో నాణెం వేస్తే అడుగున స్పష్టంగా కనిపిస్తుంది. మన ఛానల్ కోసం, స్నానాలు చేసేవాళ్లు లేని ఒక మూల నుంచి ఆ నీళ్లని షూట్ చేశాను. రూముకొచ్చి చూస్తే ఫుటేజ్ అంతా తెల్లటి మెరుపే! దేనికోసం వెళ్లానో అదే కనిపించలేదు. ఎక్స్‌పోజర్ తగ్గించాలని, లెన్స్ ముందు పోలరైజర్ పెట్టి తిప్పితే నీటి మీది మెరుపు చాలావరకు పోతుందని నేర్చుకోవడానికి పట్టేది ఒక్క పూట. నాలుగేళ్లుగా వీడియోలు తీస్తూ ఆ ఒక్క పూట నేను పెట్టలేదు.

మర్నాడు అహోబిలం వెళ్తూ ఆళ్లగడ్డలో ఆగాం. దేవతా విగ్రహాలు చెక్కడంలో పేరున్న ఊరది. ఒక షెడ్డులో ఓ పెద్దాయన నల్లరాతి మీద నిలువుగా, అడ్డంగా గీతలు గీస్తున్నారు.

"తాతా, ఇన్నేళ్ల అనుభవం ఉంది కదా, ఇంకా ఈ గీతలెందుకు?" అన్నాను.

ఆయన తల ఎత్తకుండానే, "రాయికి నా భక్తి ఏం తెలుస్తాది నాయనా? కొలతే తెలుస్తాది. ముక్కు పోతే మళ్లీ అతకదు" అన్నారు.

శిల్పశాస్త్రంలో ముఖం పొడవు ఒక తాళం. దాన్ని 12 అంగుళాలుగా విభజిస్తారు. ఇది టేపు మీది అంగుళం కాదు, ఆ విగ్రహానికే చెందిన కొలత. ప్రధాన దేవతామూర్తులకు దశతాళం, అంటే ఎత్తు సుమారు 10 ముఖాలంత. సంగీతంలోనూ ఇంతే. పురందరదాసు ఏర్పరచారని చెప్పే సరళీ వరసలు మాయామాళవగౌళలో ఉంటాయి. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. కీర్తన పాడేయాలన్న తొందరలో నేను వాటిని రెండు వారాలకే వదిలేశాను.

"మరి కన్నప్ప?" అని మీరు అడగొచ్చు. నేనూ ఇన్నాళ్లు ఆయన్నే అడ్డం పెట్టుకున్నాను. కన్నప్పకు శాస్త్రం తెలియదు, నిజమే. కానీ ప్రతి మాంసం ముక్కనీ రుచి చూసి, బాగున్నదే శివుడికి పెట్టాడు. తన చేతనైన దాంట్లో ఏ లోటూ రానివ్వలేదు. ఫోన్లో తంబురా యాప్ పెట్టుకుని కూడా శ్రుతి సరిచూసుకోని నేను, కన్నప్ప పేరు చెప్పుకోవడం న్యాయమేనా?

అలాగని శ్రుతి తప్పిన భజనని వెక్కిరించకూడదు. గుడి అరుగు మీద నోరారా పాడే అవ్వ తన దగ్గరున్నదంతా ఇచ్చేస్తోంది. ఆమెకు ఏ పాఠమూ అక్కర్లేదు. ప్రశ్న నాలాంటి వాళ్లకే: నేర్చుకునే వీలుండీ నేర్చుకోకుండా, అరకొర పనిని 'భక్తి' అని సమర్పించవచ్చా? కూడదనే నాకు అనిపిస్తోంది. దేవుడు క్షమిస్తాడన్న నమ్మకాన్ని నా బద్ధకానికి వాడుకోవడం తప్పు.

విగ్రహానికి కళ్లు తెరిచేది చివర్లోనే. అంతవరకూ కొలతలూ, ఉలి దెబ్బలే. అవీ పూజే అని ఇప్పుడు అర్థమవుతోంది. రేపు పొద్దున్నే పది నిమిషాలు సరళీ వరసలతో మళ్లీ మొదలుపెడుతున్నాను. మీరు దేనితో మొదలుపెడతారు?

ఓం నమో నారసింహాయ.